ఛత్తీస్‌గఢ్ ఆబ్కారీ నిబంధనలు: బిలాస్‌పూర్ నుంచి ఒక పరిశీలన

ఛత్తీస్‌గఢ్‌లో మద్యం తయారీ, రవాణా, నిల్వ, అమ్మకం మీద అజమాయిషీ రాష్ట్ర వాణిజ్య పన్నుల (ఆబ్కారీ) శాఖది. దానికి మూలం 1915 నాటి ఆబ్కారీ చట్టం. చట్టం వయసు నూట పదేళ్లు దాటింది. దాని కింద నడిచే నిబంధనలు మాత్రం ఏటా మార్చి నెలాఖరుకు కొత్త రూపం తీసుకుంటాయి. సీసా ధర, దుకాణాల సంఖ్య, అమ్మే వేళలు, టోకు కొనుగోలు పద్ధతి, మూసివేత రోజులు ఇవన్నీ ఏప్రిల్ 1 నుంచి మరుసటి మార్చి 31 దాకా చెల్లుబాటయ్యే వార్షిక విధానంలో తేలతాయి. కాబట్టి ఈ రాష్ట్రపు మద్యం కట్టడిని అర్థం చేసుకోవాలంటే చట్టం చదివితే సరిపోదు. గెజిట్ నోటిఫికేషన్లు, శాఖ సర్క్యులర్లు చూడాలి. అసలు బరువంతా అక్కడే ఉంది.

బిలాస్‌పూర్‌కు ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది. విధానం సచివాలయమున్న నవా రాయ్‌పూర్‌లో తయారైనా, దాని మీద వివాదం వస్తే తేల్చే రాష్ట్ర హైకోర్టు బిలాస్‌పూర్ శివారు బోద్రీలో ఉంది. ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రమూ ఇదే ఊరు. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు మద్యం నిబంధన రెండు వైపుల నుంచి తగులుతుంది: ఉన్న రాష్ట్రానిది ఒకటి, సెలవులకు వెళ్లే రాష్ట్రానిది మరొకటి. కొలువు రైల్వేలో అయితే మూడోది కూడా.

రాజ్యాంగపు పునాది

మత్తు పానీయాల ఉత్పత్తి, రవాణా, కొనుగోలు, అమ్మకం రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రెండో జాబితాలోని 8వ అంశం. అంటే పూర్తిగా రాష్ట్రాల పరిధి. తాగే మద్యం మీద ఎక్సైజ్ సుంకం వేసే అధికారం అదే జాబితాలోని 51వ అంశం కింద వస్తుంది. 47వ అధికరణ మద్యనిషేధం దిశగా ప్రయత్నించమని రాజ్యాన్ని ఆదేశిస్తుంది. ఒకే రాజ్యాంగం ఒక చేత్తో పన్ను పెట్టె ఇచ్చి, రెండో చేత్తో దాన్ని మూసేయమంది. దేశంలో ఏ ఆబ్కారీ శాఖ పని చూసినా ఈ లాగులాట కనిపిస్తుంది.

2016 నాటి 101వ రాజ్యాంగ సవరణ తాగే మద్యాన్ని జీఎస్‌టీ పరిధి నుంచి తప్పించింది. దాదాపు అన్ని సరకుల మీదా రేటు నిర్ణయం జీఎస్‌టీ మండలికి వెళ్లిపోయాక, రాష్ట్రం తన ఇష్టప్రకారం పెంచి తగ్గించగలిగే పన్నులు కొన్నే మిగిలాయి. వాటిలో మద్యం ముఖ్యమైనది. నిబంధనలు ఏటా ఎందుకు మారతాయన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

పారిశ్రామిక ఆల్కహాల్ ఎవరి పరిధి అన్న వివాదం చాలా కాలం నలిగింది. 1989 నాటి సింథటిక్స్ అండ్ కెమికల్స్ తీర్పు దాన్ని రాష్ట్రాలకు దూరం చేసింది. 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8–1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చి, ‘మత్తు పానీయం’ పరిధిలోకి పారిశ్రామిక ఆల్కహాల్ కూడా వస్తుందని తేల్చింది. నాణ్యత ప్రమాణాలు మాత్రం కేంద్రానివి. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018లో చేసిన ఆల్కహాలిక్ పానీయాల నియమాలు 2019 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లో ఉన్నాయి. సీసాలో ఏముండాలో కేంద్రం చెబుతుంది. ఆ సీసా ఎక్కడ, ఎంతకు, ఎవరి చేతుల మీదుగా అమ్ముడవ్వాలో రాష్ట్రం చెబుతుంది.

చట్టం పుట్టుక

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా వేసిన ప్రధాన మార్గం 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా నడవసాగింది. అప్పట్లో ఈ ప్రాంతం మధ్య పరగణాలలో భాగం. ఊరూరా ఇప్పపువ్వు బట్టీలకు వేలం పాటలు పెట్టి అనుమతులిచ్చే పాత పద్ధతి ఒకవైపు, ప్రభుత్వ నిఘాలో ఒకేచోట కాచి సరఫరా చేసే కేంద్ర డిస్టిలరీ పద్ధతి మరోవైపు నడుస్తున్న కాలమది. 1905–06 నాటి భారత ఎక్సైజ్ కమిటీ రెండో పద్ధతి వైపు మొగ్గింది. దాని తర్వాతి దశాబ్దంలో వచ్చినదే 1915 నాటి మధ్య పరగణాల ఎక్సైజ్ చట్టం. 1938లో సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్ మద్యనిషేధ చట్టం కూడా వచ్చింది. అయితే నిలిచింది పన్ను చట్టమే.

1956లో కొత్త మధ్యప్రదేశ్ ఏర్పడ్డాక అది మధ్యప్రదేశ్ ఆబ్కారీ చట్టమైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ పుట్టాక పేరు మళ్లీ మారింది. దానితోపాటు 1995 నాటి డిస్టిలరీ నియమాలు, అదే ఏటి దేశీ మద్యం నియమాలు, 1996 నాటి విదేశీ మద్యం నియమాలు వారసత్వంగా వచ్చాయి. ‘విదేశీ మద్యం’ అంటే ఇక్కడ ఓడ దిగి వచ్చినది కానక్కరలేదు. దేశంలోనే తయారైన విస్కీ, రమ్, బ్రాందీ, బీరు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి.

ఒకే చట్టం రెండు రాష్ట్రాల్లో ఎలా దారి మార్చుకుందో 34వ సెక్షన్ చూస్తే తెలుస్తుంది. అక్రమ మద్యం ఒక పరిమాణం దాటితే నేరం తీవ్రమై, కనీసం ఏడాది జైలు పడే రెండో ఉపసెక్షన్‌లోకి వెళుతుంది. మధ్యప్రదేశ్ పాఠంలో ఆ హద్దు 50 బల్క్ లీటర్లు. ఛత్తీస్‌గఢ్ సవరణలో 5 బల్క్ లీటర్లు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలు (స్థానికంగా ‘పౌవా’) 27 ఉంటే 4.86 లీటర్లు. 28వది చేరితే హద్దు దాటింది. బెయిలును కఠినం చేసే 59-ఎ సెక్షన్ కూడా అప్పుడే తోడవుతుంది. ఒక్క సున్నా తీసేయడంతో సైకిలు మీద సంచి పెట్టుకుని తిరిగే చిల్లర అమ్మకందారు, లారీలో సరకు తోలే వ్యాపారి ఒకే గాటికి వచ్చారు. స్థానిక పత్రికల జిల్లా పేజీల్లో రోజూ కనిపించే ‘34(2)’ అంకె కథ ఇది.

శాఖలో ఎవరు ఏం చేస్తారు

పైన మంత్రి, శాఖ కార్యదర్శి, వారి కింద నవా రాయ్‌పూర్‌లో ఆబ్కారీ కమిషనర్. జిల్లాలో చట్టప్రకారం కలెక్టరే ఆబ్కారీ అధిపతి. రోజువారీ పని సహాయ కమిషనరో, జిల్లా ఆబ్కారీ అధికారో చూస్తారు. ఆ కింద సర్కిల్ అధికారులు, సబ్ ఇన్‌స్పెక్టర్లు, ఆరక్షకులు (అంటే కానిస్టేబుళ్లు). శాంతిభద్రతల కోసం ఒక ప్రాంతంలో దుకాణాలు మూయించే అధికారం 24వ సెక్షన్ కింద కలెక్టర్‌కు ఉంది. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల మూసివేత మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం 135-సి సెక్షన్ నుంచి వస్తుంది. అందులో రాష్ట్రానికి ఇష్టాయిష్టాలు లేవు.

శాఖకు అనుబంధంగా రెండు ప్రభుత్వ సంస్థలున్నాయి. గిడ్డంగులు, టోకు వ్యవహారం చూసేది ఛత్తీస్‌గఢ్ స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్. చిల్లర దుకాణాలు నడిపేది ఛత్తీస్‌గఢ్ స్టేట్ మార్కెటింగ్ కార్పొరేషన్. నిబంధన రాసే శాఖ అధికారులే అమ్మే సంస్థల కుర్చీల్లోనూ కూర్చునే ఏర్పాటు ఇది. దీని ఫలితం ఏమిటో ముందు ముందు చూస్తాం.

ఒక ఏడాది విధానం తయారయ్యే తీరు

చట్టం సవరించాలంటే శాసనసభ కావాలి. సభ లేనప్పుడు గవర్నర్ ఆర్డినెన్స్ కావాలి. నియమాలు మార్చడానికి అంత తతంగం అక్కరలేదు. 62వ సెక్షన్ ప్రభుత్వానికి నియమాలు చేసే అధికారమిచ్చింది. ఛత్తీస్‌గఢ్ రాజపత్రంలో అచ్చయితే అవి చట్టంతో సమానంగా అమలవుతాయి. వాటి కింద లైసెన్సు షరతులు, కమిషనర్ సర్క్యులర్లు, టెండరు పత్రాలు ఉంటాయి. కిందికి దిగేకొద్దీ మార్చడం సులువు. మార్పును జనం గమనించే అవకాశమూ అంతే తక్కువ.

వార్షిక విధానం ఈ మెట్లన్నిటికీ అడ్డంగా పోతుంది. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో శాఖ గత ఏడాది అమ్మకాలు, వసూళ్లు, కేసులు, సరిహద్దు రాష్ట్రాల ధరలు ముందేసుకుని ప్రతిపాదన సిద్ధం చేస్తుంది. ఆర్థిక శాఖ రాబడి లక్ష్యం చెబుతుంది. న్యాయశాఖ భాష సరిచూస్తుంది. ఆపై మంత్రివర్గం ఆమోదం. ఆ నిర్ణయం నాటి సాయంత్రం వార్తల్లో వచ్చే రెండు మూడు వాక్యాలే సామాన్యుడికి తెలిసే విధానం. ఆ వెనుక సుంకం రేట్లు, లైసెన్సు ఫీజులు, దుకాణాల పద్ధతులతో కూడిన నోటిఫికేషన్లు వరసగా వస్తాయి. ఇక్కడ ఒక న్యాయసూత్రం గుర్తుంచుకోవాలి. మంత్రివర్గ విధానం దానంతటదే చట్టం కాదు. పాత నియమానికి విరుద్ధమైన మార్పు తేవాలంటే ఆ నియమాన్ని గెజిట్‌లో సవరించాల్సిందే. సవరణ మరిచిపోతే హైకోర్టులో నిలబడేందుకు కాళ్లుండవు.

2025–26 విధానం మంచి ఉదాహరణ. 2025 మార్చి తొలి వారంలో మంత్రివర్గం దాన్ని ఆమోదించింది. 674 దుకాణాలను కొనసాగించాలని, విదేశీ మద్యం మీద ఉన్న 9.5 శాతం అదనపు సుంకాన్ని ఏప్రిల్ 1 నుంచి ఎత్తేయాలని నిర్ణయించింది. ధర తగ్గితే పొరుగు రాష్ట్రాల నుంచి దొంగచాటుగా వచ్చే సరకు తగ్గుతుందని ప్రభుత్వ వాదన. ఛత్తీస్‌గఢ్‌కు ఏడు రాష్ట్రాలతో సరిహద్దుంది. పక్క రాష్ట్రం ఒక సీసా మీద ఎంత తగ్గించిందో చూడకుండా ఇక్కడ ధర పెట్టడం సాధ్యం కాదు.

సుంకం లెక్క వేసే కొలత కూడా తెలుసుకోదగినది. బల్క్ లీటరు అంటే సీసాలోని ద్రవం మొత్తం. ప్రూఫ్ లీటరు అంటే అందులోని ఆల్కహాల్ బలాన్ని బట్టి కట్టే లెక్క. సుమారు 57.1 శాతం ఆల్కహాల్ ఉంటే 100 డిగ్రీల ప్రూఫ్. మామూలు విస్కీ, రమ్ సీసా మీద కనిపించే 42.8 శాతం అంటే 75 డిగ్రీలు. 750 మిల్లీలీటర్ల సీసాలు 12 ఉన్న పెట్టెలో 9 బల్క్ లీటర్లు, 6.75 ప్రూఫ్ లీటర్లు ఉంటాయి. క్వార్టర్లయితే పెట్టెకు 48, అంటే 8.64 బల్క్ లీటర్లు. సుంకం ఏ కొలత మీద వేస్తారన్నది సాంకేతిక విషయంగా కనిపిస్తుంది గానీ, బలమైన చవక సరకు మీద భారం పడాలా, ఖరీదైన సీసా మీద పడాలా అని తేల్చేది అదే. దేశీ మద్యంలో ఇక్కడ ‘ప్లెయిన్’, ‘మసాలా’ అని రెండు రకాలు నడుస్తాయి. రెండింటికీ సుంకం, ధర వేర్వేరు.

మూసివేత రోజుల పట్టికలో స్థానిక చరిత్ర కనిపిస్తుంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 దేశమంతటా ఉన్నవే. డిసెంబరు 18 మాత్రం గురు ఘాసీదాస్ జయంతి. మద్యం ముట్టరాదని బోధించిన సత్నామీ గురువు ఆయన. బిలాస్‌పూర్ పరిసరాల్లో ఆయన అనుయాయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఊళ్లోని కేంద్రీయ విశ్వవిద్యాలయానిది కూడా ఆయన పేరే.

ఏడాది మధ్యలో కూడా నిబంధన మారవచ్చు. 2020 మే 4న లాక్‌డౌన్ సడలించి దుకాణాలు తెరిచినప్పుడు, గుంపులు తగ్గించడానికంటూ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఆర్డరు తీసుకుని ఇంటికి చేరవేసే ఏర్పాటు చేసింది. 2021 మేలో రెండో విడత కరోనా సమయంలో అదే మళ్లీ తెచ్చింది. ఇంటింటికీ మద్యం చేరవేసే పద్ధతి శాసనసభలో చర్చకు వస్తే నెలలు పట్టేది. ఉత్తర్వుతో రోజుల్లో అయిపోయింది.

2017 మలుపు

అంతకుముందు చిల్లర అమ్మకం ఠేకేదార్ల (అంటే కాంట్రాక్టర్ల) చేతుల్లో ఉండేది. వారి దుకాణాల నుంచి సరకు తీసుకుని పల్లెల్లో అమ్మే అనధికార అమ్మకందారును ఇక్కడ ‘కోచియా’ అంటారు. మన బెల్టు షాపు వ్యవహారమే. ఠేకేదారుకు లక్ష్యం చేరాలి, కోచియాకు బతుకు గడవాలి. ఇద్దరూ ఒకరినొకరు మోసుకునేవారు. మరోవైపు మహిళా బృందాల ఆందోళన పెరిగింది. రాజ్‌నాంద్‌గావ్ ప్రాంతంలో స్వయం సహాయక సంఘాలను కూడగట్టి మద్యానికి వ్యతిరేకంగా నిలిచిన ఫూల్‌బాసన్ యాదవ్‌కు 2012లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వమే ‘భారత్ మాతా వాహిని’ పేరిట మహిళా దళాలను ప్రోత్సహించింది.

2017లో రమణ్ సింగ్ ప్రభుత్వం చట్టం సవరించి, మార్కెటింగ్ కార్పొరేషన్ పెట్టి, ఏప్రిల్ 1 నుంచి చిల్లర అమ్మకాన్ని తన చేతిలోకి తీసుకుంది. కోచియాల బెడద పోగొట్టడానికేనని చెప్పింది. తమిళనాడు 2003 నుంచి అదే దారిలో ఉంది. సరిగ్గా అదే ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆదేశమొకటి కూడా అమల్లోకి వచ్చింది. బాలు కేసులో 2016 డిసెంబరు 15న ఇచ్చిన తీర్పు ప్రకారం జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదు. 2017 మార్చి 31న 20,000 లోపు జనాభా ఉన్న చోట్ల దాన్ని 220 మీటర్లకు తగ్గించారు. జులైలో పురపాలక పరిధిలోని రోడ్లకు ఆ నిషేధం వర్తించదని వివరణ వచ్చింది. 130, 49 నంబర్ల జాతీయ రహదారులు కలిసే బిలాస్‌పూర్ లాంటి ఊరికి ఆ కొద్ది నెలలూ గందరగోళమే. కొత్త దుకాణం ఎక్కడ పెట్టినా అక్కడి జనం అడ్డుపడతారు. రోడ్డు మీద ఉంటే కోర్టు ఒప్పుకోదు.

ఆంధ్రప్రదేశ్ పాఠకుడికి ఈ కథ పరిచితమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వ సంపూర్ణ నిషేధానికి దారితీసింది. 1997లో అది సడలింది. 2019 అక్టోబరు 1న జగన్ ప్రభుత్వం, ఛత్తీస్‌గఢ్ మాదిరిగానే, చిల్లర దుకాణాలను ప్రభుత్వపరం చేసింది. 2024 అక్టోబరు 16 నుంచి చంద్రబాబు ప్రభుత్వం లాటరీ ద్వారా 3,396 దుకాణాలను తిరిగి ప్రైవేటువారికి అప్పగించింది. తెలంగాణ మొదటినుంచీ లాటరీనే నమ్ముకుంది. 2,620 దుకాణాలకు రెండేళ్లకోసారి డ్రా తీస్తుంది, తిరిగిరాని దరఖాస్తు రుసుము మీదే వేల కోట్లు వస్తున్నాయి. మూడు రాష్ట్రాలు మూడు దారులు. దుకాణం ఎవరిదైనా ఖజానాకు కావలసింది ఖజానాకు చేరుతూనే ఉంది, బెల్టు షాపు, కోచియా మాత్రం ఎక్కడా పూర్తిగా పోలేదు.

నిబంధనే దారి చూపినప్పుడు

2018 ఎన్నికల్లో కాంగ్రెస్ పార్టీ ఛత్తీస్‌గఢ్‌లో మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచింది. సత్యనారాయణ శర్మ అధ్యక్షతన శాసనసభ్యుల కమిటీ ఒకటి ఏర్పడి గుజరాత్, బీహార్, మిజోరం తిరిగి చూసింది. ఐదేళ్లలో నిషేధం రాలేదు.

ఆ కాలంలోనే విదేశీ మద్యం కొనుగోలులో ఎఫ్‌ఎల్-10ఎ అనే కొత్త లైసెన్సు వచ్చింది. తయారీదారుకు, ప్రభుత్వ సంస్థకు మధ్య ఒక ప్రైవేటు మధ్యవర్తిని అది కూర్చోబెట్టింది. 2019 నుంచి 2022 దాకా ఆబ్కారీ వ్యవస్థను ఒక ముఠా గుప్పిట్లో పెట్టుకుందని, డిస్టిలరీల నుంచి కమీషన్లు తీసుకుందని, నకిలీ హోలోగ్రాములతో లెక్కలో లేని దేశీ మద్యాన్ని ప్రభుత్వ దుకాణాల్లోంచే అమ్మించిందని, ఈ లైసెన్సును కూడా వసూళ్లకు వాడుకుందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపణ. అక్రమ రాబడి 2,000 కోట్ల రూపాయలకు పైనేనని ఆ సంస్థ లెక్క. మాజీ ఆబ్కారీ మంత్రి కవాసీ లఖ్మాను 2025 జనవరిలో అరెస్టు చేశారు. అదే ఏడాది జులైలో రాష్ట్ర ప్రభుత్వం 22 మంది ఆబ్కారీ అధికారులను సస్పెండ్ చేసింది. నిందితులు ఆరోపణలను తోసిపుచ్చారు. ఇవి న్యాయస్థానంలో తేలవలసిన విషయాలు.

నేరం ఎవరిదన్నది కోర్టు చెబుతుంది. నిబంధనల చరిత్ర రాసేవారికి మాత్రం ఇంకొకటి కనిపిస్తుంది. ఎఫ్‌ఎల్-10ఎ చట్టాన్ని దాటి వచ్చినది కాదు, విధానంలో ఒక లైసెన్సు రకంగా, మామూలు ముద్రలతోనే వచ్చింది. తర్వాత వచ్చిన విష్ణుదేవ్ సాయ్ మంత్రివర్గం 2024 జూన్‌లో ఆ లైసెన్సును రద్దుచేసి, తయారీదారుల నుంచి బెవరేజెస్ కార్పొరేషన్ నేరుగా కొనాలని నిర్ణయించింది. తెచ్చినప్పుడూ, తీసేసినప్పుడూ 1915 చట్టంలో అక్షరం కదలలేదు. రాసేవారు, కొనేవారు, అమ్మేవారు, తనిఖీ చేసేవారు ఒకే శాఖ మనుషులైన చోట నిబంధన మంచిదా చెడ్డదా అని అడిగే ఐదో మనిషి ఉండడు.

ఇప్ప సారా, గ్రామసభ

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీలు తమ ఇంటి అవసరానికి, పండుగలకు, తంతులకు నిర్ణీత పరిమాణం దాకా ఇప్పపువ్వు సారా కాచుకోవచ్చు. అమ్మితే నేరం. 2003 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వు మార్వాహీ, గౌరేలా బ్లాకులతోపాటు కోటా రెవిన్యూ సర్కిల్‌ను కూడా ఈ ప్రాంతాల జాబితాలో చేర్చింది. మార్వాహీ, గౌరేలా 2020 ఫిబ్రవరిలో కొత్త జిల్లాలోకి వెళ్లాయి. కోటా బిలాస్‌పూర్ జిల్లాలోనే ఉంది. తమాషా ఏమిటంటే అదే కోటా వైపు పెద్ద డిస్టిలరీ కూడా ఉంది. ఒకే మండల పరిధిలో యంత్రం కాచే లక్షల లీటర్లకు ఒక నియమం, కుండలో కాచే నాలుగు లీటర్లకు ఒక నియమం. పోలీసు కేసుల్లో ఎక్కువగా కనిపించేది కుండే.

1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు, పంచాయతీలకు ఇవ్వాలంది. ఛత్తీస్‌గఢ్ తన పెసా నియమాలను 2022 ఆగస్టులో గాని ప్రకటించలేదు. చట్టం వచ్చిన 26 ఏళ్లకు. సుంకం నోటిఫికేషన్ ఏనాడూ ఇంత ఆలస్యం కాలేదు.

అక్రమ సారా ప్రమాదం మైదాన పల్లెలకూ ఉంది. 2025 ఫిబ్రవరిలో బిలాస్‌పూర్‌కు దగ్గరలోని లోఫందీ గ్రామంలో రోజుల వ్యవధిలో పలువురు మరణించారు. ఇప్ప సారాయే కారణమని గ్రామస్థులన్నారు, అధికార యంత్రాంగం దాన్ని వెంటనే ఒప్పుకోలేదు.

న్యాయస్థానాల వైఖరి

మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994 నాటి ఖోడే డిస్టిలరీస్ కేసులో స్పష్టం చేసింది. లైసెన్సు ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక వెసులుబాటు మాత్రమే. ఉమ్మడి మధ్యప్రదేశ్ డిస్టిలరీ లైసెన్సుల మీద 1986లో వచ్చిన నందలాల్ జైస్వాల్ తీర్పు ఇంకో మాట చేర్చింది. ఆర్థిక విధానాల్లో కోర్టు తేలిగ్గా తలదూర్చదు, అయితే ఇష్టారాజ్యంగా, వివక్షతో చేస్తే 14వ అధికరణ అడ్డొస్తుంది. బోద్రీలోని హైకోర్టుకు వచ్చే టెండరు, లైసెన్సు వివాదాలకు ఈ రెండే గట్లు. అందుకే ఇలాంటి పిటిషన్లలో ‘విధానం తప్పు’ అన్న వాదన కంటే ‘నియమం పాటించలేదు’ అన్న వాదనకే నిలబడే బలం ఎక్కువ.

రైల్వే పట్టణం సంగతి

బెంగాల్ నాగపూర్ రైల్వేకు వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ అన్నీ ఒకే సంస్థ కింద ఉండేవి. ఉత్తరాంధ్ర కుర్రాడు ఉద్యోగంలో చేరితే బిలాస్‌పూర్ యార్డుకు బదిలీ కావడం ఊరు మారినంత పనే, కంపెనీ మారదు. 1955లో ఆ మార్గాలు ఆగ్నేయ రైల్వే కిందికి వచ్చాయి. 2003లో వాల్తేరు డివిజన్ తూర్పు కోస్తా జోన్‌కు పోగా, బిలాస్‌పూర్ కొత్త ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. జోన్లు విడిపోయినా తార్‌బహార్, తోర్వా, హేమూనగర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లు మిగిలాయి.

రైల్వే ఉద్యోగికి ఆబ్కారీ నిబంధన కన్నా కఠినమైనది 1966 నాటి రైల్వే సేవల ప్రవర్తనా నియమావళి 22వ నియమం. తానున్న ప్రాంతపు మద్యం చట్టానికి కట్టుబడాలని, మత్తులో బహిరంగ ప్రదేశంలో కనిపించకూడదని అది అందరికీ చెబుతుంది. రైలు నడిపే సిబ్బంది వంటివారైతే విధికి 8 గంటల ముందు నుంచీ ముట్టకూడదు. లాబీలో సంతకం చేసే ముందు లోకో పైలట్ శ్వాస పరీక్ష యంత్రంలో ఊదాల్సిందే. రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవారెవరైనా కొనుక్కోవచ్చన్న నిబంధన ఆ యంత్రం ముందు పనికిరాదు. ప్రయాణికుడికి 1989 నాటి రైల్వే చట్టం 145వ సెక్షన్ ఉంది. మత్తులో రైల్లోనో స్టేషన్‌లోనో గొడవ చేస్తే దించేయవచ్చు, శిక్షించవచ్చు.

సీసా వెంట తీసుకెళ్లడం మాత్రం రైల్వే చట్టంతో తేలదు. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్, రాయ్‌పూర్, మహాసముంద్ దాటి తిత్లాగఢ్ మీదుగా ఒడిశాలో, రాయగడ తర్వాత ఆంధ్రలో నడుస్తుంది. ఒక్క ప్రయాణంలో మూడు ఆబ్కారీ చట్టాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో హైకోర్టు అప్పటి జీవో ప్రకారం ఇతర రాష్ట్రాల నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని చెప్పింది. అక్టోబరులోనే ప్రభుత్వం ఆ జీవోను సవరించి పర్మిట్ లేకుండా తేవడాన్ని ఆపేసింది. తీర్పు తర్వాత రెండు నెలలైనా నిలవని నియమాన్ని నమ్ముకుని పెట్టె సర్దినవారు ఇబ్బంది పడ్డారు. పరిమితులు ఆ తర్వాత కూడా మారే అవకాశమున్నవే. పండక్కి సొంతూరు బయల్దేరే బిలాస్‌పూర్ తెలుగువారు పక్కింటివారి మాట మీద కాక, దిగబోయే రాష్ట్రపు ఆబ్కారీ శాఖ ఆనాటి ఉత్తర్వు చూసుకుని బయల్దేరాలి. ఇక్కడి దుకాణం ఇచ్చిన బిల్లు సరకు దొంగది కాదని చెబుతుందే తప్ప, అక్కడి పర్మిట్‌కు బదులు కాదు.